లెక్కకు రాని పది మంది

మొన్న భాద్రపదంలో ఒకనాడు, పొద్దు అప్పుడే పొడుస్తూండగా, నరసన్నపేటలో మా అమ్మాయి ఇంటి ముందుకు జంగందేవర వచ్చి శంఖం ఊదాడు. నిద్రలో ఉన్న మనవరాలు ఉలిక్కిపడి చెవులు మూసుకుంది, వీధి చివర కుక్కలు లేచాయి, మా అల్లుడు విసుక్కుంటూ కిటికీ రెక్క వేశాడు. నేను మాత్రం గుప్పెడు బియ్యం పట్టుకుని గుమ్మంలోకి వెళ్ళి, పోయడం మరచిపోయి, జంగందేవర వింతగా చూసేదాకా అలాగే నిలబడిపోయాను. నా చెవికి వినబడింది ఆ శంఖం కాదు. పదేళ్ళు దాటిపోయిన ఒక భాద్రపదంలో, పలాస దగ్గర జీడిపప్పు ఫ్యాక్టరీ వెనక గెస్టుహౌసులో, తెల్ల గడ్డం పెద్దాయన ఒకరు రోజూ పొద్దున్నే పడమటి కిటికీ దగ్గర నిలబడి ఊదిన పొట్టేలు కొమ్ము.

నా సంగతి కాస్త చెప్పకుండా ఆయన సంగతి మొదలుపెడితే మీకు తలా తోకా తెలియదు. నేను సముద్రం ఒడ్డున, చేపలు పట్టుకుని బతికే ఇంట్లో పుట్టాను. నాన్న తెప్ప మీద పోయేవాడు, అమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగేది, నా తరవాత ఒక తమ్ముడు. పెళ్ళయ్యాక నెల్లిమర్లలో కాపురం, మా ఆయనకి జూటు మిల్లులో పని. ఆయన పోయేనాటికి నాకు నలభై నాలుగు, చేతిలో ఇంటరు తప్పిన చదువు, పెళ్ళీడుకొచ్చిన ఒక ఆడపిల్ల. మనలో చాలామంది ఇరవై ఏళ్ళకి ఉద్యోగంలో చేరి ఉంటారు, నేను మాత్రం మన వయసు వాళ్ళు మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టే ఈడులో, మా మేనత్త చెయ్యి పట్టుకుని ఆ ఫ్యాక్టరీ గేటు దాటాను. అత్త అక్కడ ఎన్నో ఏళ్ళుగా పప్పు తొక్క తీసే పని చేసేది. పిల్లలు లేరు, మొగుడు లేడు, నోరు మాత్రం గంపెడు. యజమాని కూడా ఆవిడ ముందు గొంతు తగ్గించేవాడు. నాకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చునని చెప్పి సూపర్‌వైజరు పని ఇప్పించింది ఆవిడే.

మా యజమాని అప్పటిదాకా పచ్చి పప్పే అమ్మేవాడు. గుండు, బద్ద, ముక్క అని వేరు చేసి డబ్బాల్లో నింపి పంపడమే పని. ఏ దేశం నుంచో ఒక కొనుగోలుదారుడు ఉప్పు వేసి వేయించిన పప్పు కావాలని, దాని మీద కోషర్ ముద్ర ఉండాలని రాశాడట. కోషర్ అంటే యూదులు వాళ్ళ ధర్మం ప్రకారం తినదగినది. ఆ ముద్ర ఊరికే వేసేది కాదు. మష్గియాఖ్ అనే మనిషి వచ్చి, దగ్గర నిలబడి, అన్నీ కళ్ళారా చూసి వేయాలి. అలా వచ్చారు ఆ పెద్దాయన, బొంబాయిలో మకాం పెట్టి దక్షిణాదిలో ఫ్యాక్టరీలు చూసే మష్గియాఖ్. ఆ మాట మా వాళ్ళెవరికీ నోరు తిరగలేదు, తిప్పాలని ప్రయత్నించిన వాళ్ళూ లేరు. మొదటి రోజునుంచే ఆయన గెడ్డం తాత అయిపోయారు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఏమని పిలుస్తున్నారో నాచేత అర్థం చెప్పించుకుని, గడ్డం నిమురుకుని నవ్వారు.

మాతో మాట్లాడే ఇంగ్లీషు కాక ఆయనకి రెండు భాషలు. ప్రార్థనకి హీబ్రూ, మిగతా బతుకంతటికీ వాళ్ళ అమ్మ మాట్లాడిన యిడ్డిష్. పురోహితుడి సంస్కృతానికీ మన ఇంటి మాటకీ ఎంత దూరమో ఆ రెంటికీ అంత దూరమని నాకు త్వరలోనే తెలిసింది. దేవుడితో హీబ్రూలో మాట్లాడేవారు, కాలిన వేలితో యిడ్డిష్‌లో. నూనె చిందితే ఓయ్ వే, డబ్బా జారితే ఓయ్ వే, లారీ రాకపోయినా అదే. వారం తిరక్కుండా తొక్క తీసే ఆడవాళ్ళంతా వోలమ్మో అనడం మాని ఓయ్ వే అనడం నేర్చారు. ఇంకొకటి 'ను'. ఆ చిన్న మాటతో ఆయన సగం పని జరిపించేవారు. మరి ఏమైంది, తొందరగా కానివ్వు, చెప్పు వింటున్నాను, ఇక చేసేదేముంది, అన్నింటికీ అదే. మంచి మనిషిని మెంచ్ అనేవారు. మా ఫ్యాక్టరీ మొత్తం మీద ఆ పేరు దక్కింది పొయ్యి మేస్త్రీకీ వాచ్‌మన్‌కీ మాత్రమే. నాకు రాలేదని కొన్నాళ్ళు లోపల ఉడుక్కున్నాను కూడా, ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేమిటి.

తిండి విషయంలో మాత్రం మొదట్లో మా వాళ్ళ మనసు నొచ్చుకుంది. నలభై మంది ఆడవాళ్ళు టిఫిను డబ్బాలు విప్పి ఇంత తినమని చుట్టూ మూగితే, ఆ మనిషి చేతులు జోడించి ఒక్క మెతుకు ముట్టలేదు. తనతో తెచ్చుకున్న గిన్నెలో తనే అన్నం వండుకునేవారు, పొయ్యి కూడా తన చేత్తోనే వెలిగించుకునేవారు. తినకూడనిది త్రేఫ్. పాలూ మాంసమూ ఎన్నడూ కలవకూడదు, రెంటికీ వేరు వేరు గిన్నెలు. ఆ రెంటిలో దేనికీ చెందనిది పార్వె, జీడిపప్పు పార్వె. మడి కట్టుకునే ఇళ్ళను చూసిన వాళ్ళకి ఇదంతా వింతేమీ కాదు గదా, అత్తే అందరికీ సర్ది చెప్పింది. చేపల దగ్గర మాత్రం ఆయన మా ఇంటికి చుట్టమయ్యారు. పొలుసూ రెక్కా రెండూ ఉన్న చేప తినొచ్చు, కానీ ఆ పొలుసు తన కళ్ళతో చూడాలి. అప్పటికి అమ్మ బతికే ఉంది. ఆయన కోసమని చేప మీద అరచేయంత పొలుసు తీయకుండా ఉంచి, తడిగుడ్డలో చుట్టి తమ్ముడి చేత పంపేది. యాభై ఏళ్ళు చేపలు అమ్మాను గానీ పొలుసు తీయొద్దన్న గిరాకీని ఇప్పుడే చూశానని నవ్వేది.

శుక్రవారం పొద్దు వాలిందంటే శనివారం పొద్దు వాలేదాకా షబ్బాత్. స్విచ్చి ముట్టరు, నిప్పు ముట్టరు, ప్రయాణం చేయరు. లైటు వెయ్యమని ఇంకొకరికి చెప్పడం కూడా తప్పేనట. అందుకని వాచ్‌మన్ ఎదురుపడితే, ఎవరితోనో అన్నట్టు గదిలో చీకటిగా ఉంది సుమా అని గొణిగేవారు. మా వాచ్‌మన్ ఆదివారం గుడికి వెళ్ళే క్రైస్తవుడు, సబ్బాతు అన్న మాట బైబిల్లో విన్నవాడు. ఒక్క చూపుతో గ్రహించి, తనకే ఏదో పనున్నట్టు గదిలోకి వెళ్ళి స్విచ్చి వేసి వచ్చేవాడు. మనుషుల్ని లెక్కపెట్టవలసి వస్తే ఆయన ఒకటి కాదు, రెండు కాదు అంటూ లెక్కపెట్టేవారు, దిష్టి తగలకుండా. మా ఇళ్ళలో ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనకుండా లాభం అంటామని నేను చెబితే పొంగిపోయి, చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు.

ఇలా ఆయన ఏడాదికి రెండు సార్లు వస్తూ పోతూ ఉండగా, మూడో ఏడు కాబోలు, మహాలయ పక్షంలో వచ్చారు. వాళ్ళకి అది ఎలూల్ అనే నెల. కొత్త సంవత్సరం ముందు మనిషి తన తప్పులు తలచుకునే నెల, పెద్దల సమాధులు చూసి వచ్చే నెల. రోజూ పొద్దున్నే షోఫార్, అంటే పొట్టేలు కొమ్ము, ఊదడం అందుకే. మనం పెద్దలను తలచుకునే పక్షమూ ఇదేనని నేనన్నాను. ఆయన, ఈ గురువారమే తన తండ్రి యార్‌సైట్ అన్నారు. చనిపోయిన తిథి. మన తద్దినం లాగే చంద్రుణ్ణి బట్టి వస్తుంది, ఇంగ్లీషు తేదీని బట్టి కాదు. ముందు రోజు పొద్దు గుంకగానే దీపం పెట్టి, కొడుకు నిలబడి కద్దిష్ అనే ప్రార్థన చెప్పాలి. తమాషా ఏమిటంటే ఆ ప్రార్థనలో చావు మాటే ఉండదట, అంతా దేవుణ్ణి పొగడడమే. అయితే అది ఒంటరిగా చెప్పేది కాదు. పది మంది మగవాళ్ళు ఉండాలి, ఆ పది మందిని మిన్యాన్ అంటారు. బొంబాయిలో వాళ్ళ మందిరంలో ఆ పది మంది ఉంటారు గనుక మంగళవారం రాత్రి రైలుకి టిక్కెట్టు తీసుకున్నారు. తండ్రి పోయి ఇరవై ఆరేళ్ళు, ఏ ఊళ్ళో ఉన్నా ఒక్క ఏడు తప్పలేదని చెబుతూంటే ఆ ముఖంలో చిన్నపిల్లవాడి గర్వం కనిపించింది.

సోమ మంగళవారాలు వేపుడు, మంగళవారం రాత్రి రైలు. అదీ లెక్క. ఆ ఏడు యజమాని కొత్త పొయ్యి కట్టించి, ఎక్కడో వాడిన పెద్ద ఇనుప మూకుడు కొని తెచ్చాడు. పాత వంట సారం ఇనుములోంచి పోవాలంటే, ఒక రోజంతా అందులో ఏదీ వండకుండా ఎండబెట్టి, తరవాత అంచుదాకా నీళ్ళు పోసి మరిగించాలి. ఆదివారం నాడు ఎర్రగా కాల్చిన ఇనుప దిమ్మను ఆ మరిగే నీళ్ళలో వేశారు, నీళ్ళు అంచు దాటి నాలుగు వైపులా పొంగి పొర్లాయి. అప్పుడు మూకుడు శుద్ధి అయినట్టు. ఆయన చొక్కా అంతా చెమట, గడ్డం నిండా మసి, ముఖంలో తృప్తి. ఇక ఎవరూ ముట్టకుండా ఆ పొయ్యి షెడ్డుకి తాళం వేసి, ఆ తాళంచెవి యజమానికి ఇవ్వలేదు, మేస్త్రీకి ఇవ్వలేదు, నా చేతిలో పెట్టారు.

ఆ సాయంత్రం అత్త మా ఇంటికి వచ్చింది. పెద్దల పక్షంలో ఎవరైనా కొత్త పొయ్యి వెలిగిస్తారా, ఏదైనా కీడు జరిగితే ఎవరిది పూచీ, నలభై మంది ఆడకూతుళ్ళు ఆ మంట దగ్గర పనిచేయాలి గదా అని ఆవిడ బాధ. ముందు అమ్మవారికి చెప్పుకోవాలి, నాలుగు పూలు పెట్టుకుంటాను, తాళంచెవి ఇవ్వమంది. నేను ఇచ్చాను. పూలేనా, ఇంకేమైనా చేస్తావా అని అడగలేదు. ఎందుకు అడగలేదంటే, అడిగితే వచ్చే జవాబు విని ఇవ్వలేనని లోపల ఎక్కడో తెలుసు. నాకు బతుకుదారి చూపించిన మనిషికి కాదని చెప్పే ధైర్యం లేక, అడగడం మానేశాను.

సోమవారం ఏడు గంటలకి నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. అత్తా, మేస్త్రీ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ తెల్లారకముందే వచ్చి, బయట వేపచెట్టు మొదట్లో అమ్మవారికి కోడిని కోసి, కొత్త పొయ్యి తొలి మంట మీద, శుద్ధి చేసిన ఆ మూకుడులోనే దాన్ని వండి నైవేద్యం పెట్టారు. అంత నిష్ఠగా శుద్ధి చేసిన పాత్రలో తొలి వంట అమ్మవారికి కాక ఇంకెవరికి పెడతామని వాళ్ళ భక్తి. మూకుడు మళ్ళీ తోమి తళతళలాడించారు. షెడ్డులో మసాలా వాసన మాత్రం పోలేదు. అత్త నా చేతిలో ప్రసాదం ఆకు దొన్నె పెట్టింది, నేను దాన్ని పట్టుకుని మూకుడు వైపు చూస్తూండిపోయాను.

"ఏటలగ బెల్లంకొట్టిన రాయినాగ నిలబడిపోనావు?" అంది అత్త.

నేను చెప్పాను. వాళ్ళ పద్ధతిలో కోయని కోడి త్రేఫ్ అని, మూకుడు చెడిపోయిందని, మళ్ళీ రోజంతా ఎండాలని, మళ్ళీ మరగాలని. అత్త ముఖం పాలిపోయింది గానీ నోరు ఊరుకోలేదు.

"సింతపండేసి మూడుపాలి తోమినాం. ఎవులికి తెలుస్తాది గుంటా? నువ్వు సెప్పకపోతే ఎవులికీ తెలీదు."

నిజమే, తెలియదు. ఆ పది నిమిషాలు నేను ఎప్పటికీ మరచిపోలేను. చెప్పకపోతే వేపుడు సాగుతుంది, ముద్ర పడుతుంది, మంగళవారం రాత్రి ఆయన రైలెక్కి గురువారం పొద్దున తండ్రి పేరు మీద నిలబడతారు. చెబితే మంగళవారమంతా మూకుడికే సరి, బుధ గురువారాలు వేపుడు, కద్దిష్ లేదు. ఓడకి సరుకు ఆ వారంలోనే అందాలి, అందకపోతే ఆర్డరు పోయి ఆడవాళ్ళకి పని ఉండదు. అది ఆయనకీ తెలుసు, కాబట్టి వదిలి వెళ్ళరు. చెప్పకుండా ఉంటే ఆయనకి మేలు చేసినట్టే గదా అని నా మనసు నాకే లంచం పెట్టింది. నిజానికి నేను కాపాడాలనుకున్నది ఆయన తండ్రి తిథిని కాదు, తాళంచెవి ఇచ్చిన నా పేరును. అది తెలిసొచ్చాక ఇక అక్కడ నిలబడలేకపోయాను.

గెస్టుహౌసుకి వెళ్ళేసరికి ఆయన ప్రార్థన ముగించి, చేతికి చుట్టుకున్న తోలు పట్టీ విప్పి మడత పెడుతున్నారు. నన్ను చూసి 'ను?' అన్నారు. నేను వచ్చీరాని ఇంగ్లీషులో మొత్తం చెప్పేశాను, ముందుగా తాళంచెవి సంగతి చెప్పాను. ఆయన కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది. కుర్చీలో కూర్చుని, ఒకే ఒక ప్రశ్న అడిగారు. మూకుడు పొయ్యి మీద నుంచి దించింది ఎన్ని గంటలకి? అత్త చెప్పిన ప్రకారం ఆరున్నరకి అన్నాను. చిన్న పుస్తకం తీసి, రేపు ఆరున్నర అని రాసుకున్నారు. టిక్కెట్టు దిండు పక్కనే ఉంది, ఇద్దరమూ దానివైపు చూడలేదు.

మంగళవారం ఇనుప దిమ్మ మళ్ళీ కాలింది, నీళ్ళు మళ్ళీ పొంగాయి. అత్త దూరంగా నిలబడి చూస్తోంది. ఆయన ఆ రాత్రి రైలెక్కడం లేదన్న సంగతి ఆవిడకి తెలుసు గానీ ఎందుకు వెళ్ళాలో తెలియదు. నేను అణచుకోలేక చెప్పేశాను, పది మంది మగవాళ్ళ మధ్య జరగవలసిన ఆ పెద్దాయన తండ్రి తద్దినం చెడగొట్టామని. నోరు గల మా అత్త నిలువునా కూలబడింది. "తండ్రి తద్దినమా? ఓలమ్మ నాతల్లో, నానేటి సేసినానే!" అని నెత్తి కొట్టుకుంది. పిల్లలు లేని మనిషి, తనకి ఎవరూ పెట్టేవాళ్ళు లేరని రోజూ తలచుకునే మనిషి. ఇంకొకరి తండ్రికి కొడుకు చేతి మీదుగా అందవలసింది తనవల్ల అందకుండా పోయిందన్న మాట ఆవిడ గుండెలో ముల్లులా దిగింది. ఆ రాత్రి మా తమ్ముడి ఇంటికి వెళ్ళి ఏం చెప్పిందో, ఏమని ఏడ్చిందో నాకు తెలియదు.

బుధవారం వేపుడు ఆపి, పొద్దు వాలే వేళకి ఆయన గదికి వెళ్ళారు. గాజు గ్లాసులో మైనం పోసిన దీపం, ఒక రోజంతా వెలిగేది, బల్ల మీద పెట్టి అగ్గిపుల్ల గీశారు. నేను వరండాలో ఉన్నాను. అప్పుడు గేటు దగ్గర అలికిడయింది. మా తమ్ముడు ముందు, వెనక మేస్త్రీ, వాచ్‌మన్, లారీ డ్రైవరు, మా పేట తెప్పలవాళ్ళు ఆరుగురు. లెక్కపెడితే దిష్టి అన్నారు గానీ నేను లెక్కపెట్టాను, పది మంది. అందరూ తలస్నానం చేసి ఉతికిన పంచెలు కట్టుకున్నారు. గెడ్డం తాత ఎప్పుడూ తల కప్పుకుని ఉంటారు గనుక వాళ్ళూ తలల మీద తువ్వాళ్ళు వేసుకున్నారు. వాళ్ళ వెనక అత్త.

"పది మంది కావాలంట కదా తాతా, వొచ్చినాం," అన్నాడు తమ్ముడు. "ఏటి సెయ్యాలో సెప్పండి, సేస్తాం."

ఆ మాట ఆయనకి అనువదించవలసినది నేనే. ఆయన ఒక్కొక్కరి ముఖమూ చూశారు. చివరికి మెల్లిగా, తడబడుతూ, ఆ పది మందీ తమ ధర్మంలో పుట్టినవాళ్ళే అయి ఉండాలని, ఇది మనుషుల మంచీ చెడ్డల లెక్క కాదని, ఇంకో విధంగా చేయడానికి తనకి అధికారం లేదని చెప్పారు. నేను తెలుగులో చెప్పాను. తమ్ముడు తువ్వాలు తీసి చేత్తో నలిపాడు. తెప్పలవాళ్ళలో ఒకడు, మనం సరిపోం కాబోలురా, పదండి అన్నాడు.

ఎవరూ కదలకముందే ఆయన గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడ్డారు. సంచీలోంచి బిస్కట్ల డబ్బా తీసి, పది మందికీ, నాకూ, అత్తకీ తనే పంచారు. యార్‌సైట్ నాడు చుట్టూ ఉన్నవాళ్ళకి ఇంత తీపి పెట్టడం ఆచారమట. వాళ్ళు నోరు తీపి చేసుకుంటే పోయినవారి నెషామా, ఆత్మ, ఒక మెట్టు పైకి వెళుతుందట. కద్దిష్ చెప్పలేను గానీ దేవుడికి దండం పెట్టి ఒక మాట చెబుతాను, చివర మీరు ఆమెన్ అనొచ్చు, దానికి ఎవరి అడ్డూ లేదు అన్నారు. "ఆమెన్ మాకూ ఉన్నాది తాతా, ఆదివారం ఆదివారం అదే కదా," అన్నాడు వాచ్‌మన్. బిస్కట్టు చేతిలో పట్టుకుని ఆయన హీబ్రూలో చిన్న మాట చెప్పారు. పది గొంతులు ఆమెన్ అన్నాయి, సముద్రం మీద కేక వేయడం అలవాటైన గొంతులు. దీపం ఊగింది. అత్త ముందుకు వచ్చి, మీ నాన్న పేరేటి బాబూ అని అడిగింది. ఆయన తండ్రి పేరూ, తాత పేరూ కలిపి చెప్పారు, వాళ్ళలో మనిషిని అలాగే పిలుస్తారట. అత్త ఆ పేరు మూడుసార్లు పలికి సరి చూసుకుంది. తరవాత ఆయన మెట్టు మీద కూర్చుని, ఊళ్ళో వాళ్ళ చిరిగిన కోట్లు తిరగేసి కుట్టే తండ్రి గురించి, సూది పళ్ళ మధ్య పెట్టుకుని యిడ్డిష్‌లో కథలు చెప్పే తండ్రి గురించి చెబుతూ పోయారు. నేను తెలుగు చేస్తూ పోయాను. దోమలు కుడుతున్నా ఎవరూ లేవలేదు.

గురువారం పొద్దు గుంకేదాకా ఆయన ఉపవాసం ఉండి, ఆ మంట ముందే నిలబడి వేపుడు పూర్తి చేయించారు. అత్త కూడా ఆ రోజు మంచినీళ్ళు తప్ప ముట్టలేదు, సాయంత్రం ఆవిడ డబ్బా విప్పి చూస్తే గాని నేను కనిపెట్టలేదు. షబ్బాత్ గడిచాక ఆదివారం పలాస ప్లాట్‌ఫారం మీద సామాను అందిస్తూ, క్షమించమని అడిగాను. ఇరవై ఆరేళ్ళలో ఇదొక్కటే తప్పింది, అది నిజం, బాధగానే ఉంది అన్నారు. నా బాధ తగ్గించడానికి అబద్ధం చెప్పలేదు, అందుకు ఆయన్ని ఇంకా గౌరవించాను. కాస్త ఆగి, నువ్వు చెప్పకపోయి ఉంటే మా నాన్న ముందు ఆ అబద్ధపు ముద్రతో నిలబడేవాణ్ణి అన్నారు. రైలు కదిలే ముందు మాత్రం నవ్వుతూ, తనకిద్దరూ ఆడపిల్లలేనని, తన తరవాత కద్దిష్ ఎవరు చెబుతారో దేవుడికే తెలియాలని అన్నారు. నేను చెయ్యి ఊపాను.

ఇంకో రెండేళ్ళు వచ్చారు, తరవాత రాలేదు. ఆయన బదులు ఒక కుర్రాయన, చేతిలో పలక లాంటి ఫోను, మంచివాడే గానీ ఎవరి పేరూ అడిగేవాడు కాదు. నేను పని మానేసేనాటికి ఆ రావడం కూడా తగ్గి, సగం తనిఖీ వీడియోలోనే జరిగేది. తొక్క తీసే యంత్రాలు వచ్చాయి, నలభై మంది కూర్చునే చోట ఇప్పుడు ఆరుగురున్నారట. షెడ్డు తలుపు వేలిముద్రతో తెరుచుకుంటుందట, తాళంచెవి ఇచ్చి నమ్మవలసిన అవసరం లేదు. ఓయ్ వే అనే నోళ్ళు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. ఆయన ఇచ్చిన నంబరుకి చేస్తే, అది వాడుకలో లేదని ఒక ఆడగొంతు మూడు భాషల్లో చెబుతుంది.

మహాలయ అమావాస్యకి నేను తమ్ముడి దగ్గరికి వెళతాను. సముద్రం ఒడ్డున వాడు నడుము లోతు నీళ్ళలో నిలబడి నువ్వులూ నీళ్ళూ వదులుతాడు. నాన్న పేరు, అమ్మ పేరు, కొడుకులు లేరు గనుక మా ఆయన పేరు, నాలుగేళ్ళ నుంచి అత్త పేరు. రక్తసంబంధం లేకపోయినా గురువుకీ స్నేహితుడికీ కూడా వదలొచ్చని అయ్యవారు ప్రతి ఏడూ చెబుతారు. అప్పుడు తమ్ముడు దోసిట్లో నీళ్ళు అలాగే పట్టుకుని, ఒడ్డున ఉన్న నావైపు తిరిగి చూస్తాడు. ఎవరి కోసం ఆగాడో నాకు తెలుసు, నాకు తెలుసునని వాడికీ తెలుసు. గెడ్డం తాతా కొడుకులు లేని మనిషే, ఆ పేరు చెబితే తప్పేమీ లేదు, పుణ్యమే.

"ఇంకెవులైనా ఉన్నారేటి అప్పా?" అని అడుగుతాడు.

ఆయన పోయారని నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

"ఇంకెవులూ నేరురా," అంటాను. వాడు దోసిలి మళ్ళీ సముద్రంలో వంపేసి ఒడ్డుకి వస్తాడు.